సైకిల్ దిగే చోటు

మా ఇంటి ముందర ఎవరూ సైకిల్ మీద పోయేవాళ్ళు కాదు.

ఇల్లు కాలవ కట్టను ఆనుకుని ఉండేది. నంద్యాల నుంచి వచ్చేవాళ్ళు మా దొడ్డి గోడ మొదలయ్యే చోట దిగి, సైకిల్ చేత్తో పట్టుకుని నడిచి, చింతతోపు దాటినాక మళ్ళీ ఎక్కేవాళ్ళు. ఆళ్ళగడ్డ దిక్కు నుంచి వచ్చేవాళ్ళు చింతతోపు దగ్గర దిగి గోడ చివర ఎక్కేవాళ్ళు. దిగమని ఎవరూ అరిచేవాళ్ళు కాదు. మా నాయన అరుగు మీద ఉన్నా లేకపోయినా ఊరి బయట పాలెం వాళ్ళు దిగాల్సిందే. మిగిలినవాళ్ళు నాయన ఉంటే దిగేవాళ్ళు. నేను పుట్టేనాటికే అది వాన పడినట్టు, ఎండ కాసినట్టు మామూలు సంగతి. ఎందుకు దిగుతారని నేను అడిగిన గుర్తు లేదు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. వ్యాజ్యాలు తిన్నంత తిన్నాయి, మిగిలింది చిన్నాయనల వాటాల్లో పోయింది. గోడల రాళ్ళు ట్రాక్టర్ల మీద ఎవరెవరి ఇళ్ళకో పోయినాయి. చింతతోపు కొట్టేసి ప్లాట్లు వేసినారు. తెల్లరంగు పూసిన హద్దురాళ్ళు వరసగా పాతి ఉంటాయి, వాటి మధ్య తుమ్మచెట్లు మొలుస్తున్నాయి. అయినా ఆ చోటికి వచ్చేసరికి సైకిల్ దిగే మనిషి ఇంకా ఒకడున్నాడు. నాలుగేళ్ళుగా పొద్దున్నే నాతోపాటు కట్ట మీద తొక్కే మనిషి. ఆయన దిగుతుంటే మొదట్లో నాకు లోపల ఎంత హాయిగా ఉండేదో దాచను. ఆ తర్వాత ఎంత ఇబ్బందిగా ఉండిందో అదీ దాచను. "ఇంక దిగొద్దప్పా" అని నేను ఒక్క మాట అనాలి. అది అనాలంటే దానికి ముందు ఇంకో మాట చెప్పాలి. నాలుగేళ్ళలో ఆ రెండు మాటలూ నా నోటికి రాలేదు.

కాలవ సంగతి కొంచెం చెప్పాలి. మా దిక్కున కె.సి. కాలవ అంటే పిల్లలకు కూడా తెలుసు. తుంగభద్ర నీళ్ళను కర్నూలు నుంచి కడప దాకా మోసుకుపోయే పాత కాలవ. తెల్లదొరల కాలంలో తవ్వినారు. సేద్యంతోపాటు పడవలు కూడా నడపాలని వాళ్ళ ఆలోచనంట. మా జేజి, అంటే మా నాయనమ్మ, తన చిన్నప్పుడు పడవలు చూసినానని చెప్పేది. పడవకు తాడు కట్టి, ఆ తాడు భుజాన వేసుకుని మనుషులు కట్ట మీద నడుస్తూ లాగేవాళ్ళంట. నేను ఇప్పుడు తొక్కే దారి వాళ్ళు నడిచి నడిచి చదును చేసిందే. పడవలను ఎగువ నీళ్ళ నుంచి దిగువ నీళ్ళకు దించేదానికి రాతితో కట్టిన లాకులు అక్కడక్కడా మిగిలినాయి. తలుపులు ఎప్పుడో పోయినాయి. గోడల అంచుల మీద తాళ్ళు రాసుకుని పడిన గాట్లు మాత్రం ఉన్నాయి. చూపుడువేలు పెడితే సగం మునుగుతుంది.

అంతా బల్లపరుపు నేల. తూర్పున నల్లమల నీలంగా కనిపిస్తుందే కానీ దగ్గరికి రాదు. కట్ట మీద ఎక్కే మిట్ట లేదు, దిగే పల్లం లేదు. లారీలన్నీ హైవే మీద పోతాయి. గాలి అటు నుంచి కొడితే వాటి హారన్లు దూరంగా వినిపిస్తాయి, అంతే. కట్ట మీద మనకు ఎదురొచ్చేది బర్రెలు, కలుపుకు పోయే ఆడవాళ్ళు, కాలవ తూములు చూసుకునే లస్కర్ బండి. బర్రెలు ముందర నుంచి జరగవు. మనమే ఆగాలి. మా నాయన కూడా బర్రెలకు ఆగేవాడు.

నీళ్ళు వదిలే రోజు మా చిన్నప్పుడు పండగ. ఎండిపోయి పగుళ్ళిచ్చిన కాలవలోకి మొదటి నీళ్ళు నురగతో, ఎండుటాకులతో, పుల్లలతో, ఒకోసారి పాముతో వచ్చేవి. మనిషి నడిచేంత వేగంగా వచ్చేవి. నీళ్ళకు ముందర కట్ట మీద మేం వెనక్కి చూసుకుంటూ నడిచేవాళ్ళం. మా ఇంటి ముందర మెట్ల దగ్గరికి వచ్చేసరికి మా జేజి పసుపు, కుంకుమ, ఒక జాకెట్టు గుడ్డ పట్టుకుని నిలబడి ఉండేది. ఆమె అవి నీళ్ళలో వదిలినాకనే ఊళ్ళో ఎవరైనా ఆ నీళ్ళు ముట్టేది. తడిసిన రేగడి వాసన ఇంట్లోకి, పక్కల్లోకి, అన్నంలోకి కూడా వచ్చేది. ఇప్పుడు నీళ్ళు ఎవరినీ అడగకుండా పోతున్నాయి. పోనీ. వాసన మాత్రం అదే.

నాయనకు కారు ఉండేది. పొలం మీదికి మాత్రం సైకిల్ మీదే పోయేవాడు. నల్ల సైకిల్. చైనుకు నిండుగా కవరు, ముందర డైనమో దీపం, రెండు స్ప్రింగుల తోలు సీటు. దాని మీద ఆయన తాటిచెట్టు మాదిరి నిటారుగా కూర్చునేవాడు. నాకు తొక్కడం నేర్పింది కూడా ఈ కట్ట మీదే. నేను హ్యాండిల్ మీదికి వంగినప్పుడల్లా వీపు మీద ఒకటి తగిలేది.

"వంగి తొక్కేది టెలిగ్రాం తెచ్చేటోడురా. మనకేం తొందర?"

ఇంకో మాట కూడా చెప్పేవాడు. "చక్రాన్ని చూడొద్దు. పక్కకు చూడొద్దు. ముందర చూడు. యాడ చూస్తే ఆడికే పోతాది సైకిలు."

మొదటి మాట నా ఎముకల్లోకి పోయింది. నడుము వంచి సైకిల్ తొక్కడం నాకు ఇప్పటికీ చేతకాదు. రెండో మాట నేను సరిగ్గా పట్టించుకోలేదని ఈ వయసులో తెలిసింది.

ఇప్పుడు ఆ రోజు సంగతి.

నాకు ఇరవై ఏళ్ళు. నంద్యాలలో డిగ్రీ చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాను. పొద్దున తొమ్మిది గంటలప్పుడు నాయన అరుగు మీద, నేను మెట్ల మీద. ఆళ్ళగడ్డ దిక్కు నుంచి కొత్త సైకిల్ మీద నా ఈడువాడే ఒకడు వస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, క్యారియర్ మీద రేకు పెట్టె. మా పొలాల్లో జీతం చేసే పాలెం మనిషి కొడుకు. టీచరు ఉద్యోగం వచ్చిందని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. చింతతోపు దగ్గర దిగలేదు. మా గుమ్మం ముందర దిగలేదు. మా వైపు చూసి తల కొంచెం వంచి, అట్లే తొక్కుకుంటూ పోయినాడు. పొగరుతో చేసినట్టు నాకు అనిపించలేదు. ఆ రోజు వెనకగాలి బాగా ఉండింది, కొత్త సైకిల్, కొత్త కొలువు. నాకు గుర్తున్నంతలో మొహం నవ్వుతూ ఉండింది.

గోడ చివర లస్కర్ గుడిసె. అక్కడ ఆగి, సైకిల్ గోడకు ఆనించి, నీళ్ళు తాగేదానికి లోపలికి పోయినాడు.

నాయన అతణ్ణి ఏమీ అనలేదు. నా వైపు తిరిగి, "కొత్త సైకిలంట. ఎట్లుందో చూసి రాపో," అన్నాడు.

దాని అర్థం నాకు తెలుసు. ఆయన మాటకు ఎదురు చెప్పడం మా ఇంట్లో లేదు. నేను పోయి, రెండు చక్రాలకూ వాల్‌ట్యూబులు విప్పినాను. చక్రంలో గాలి నిలబెట్టే చిన్న రబ్బరు గొట్టాలు అవి, చిటికెనవేలంత ఉండవు. గాలి బుస్సుమని పోయింది. రెండింటినీ కాలవలోకి విసిరేసినాను. తిరిగి చూస్తే అతను గుడిసె వాకిట్లో చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాడు. రెండు చక్రాలనూ చూసినాడు, నన్ను చూసినాడు. చెంబు లస్కర్ భార్యకు ఇచ్చి, సైకిల్ పట్టుకుని నంద్యాల దిక్కుకు నడుచుకుంటూ పోయినాడు. రేకు పెట్టె బరువుకు వెనకచక్రం వట్టి రిమ్ము మీద గడగడమంటూ పోయింది. ఆ చప్పుడు చానాసేపు వినిపించింది. కట్ట తిన్నగా ఉంటుంది కదా, మనిషి కూడా చానాసేపు కనిపించినాడు.

నాయన ఆ రోజు మధ్యాహ్నం మామూలుగా అన్నం తిన్నాడు. నేనూ తిన్నాను.

ఆ తర్వాత మా ఇల్లు ఎట్లా పోయిందో వివరంగా రాయను. మా వాళ్ళు ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు, అది చాలు. నేను ఒక జిన్నింగు మిల్లులో కాటా దగ్గర పనిచేసి, పత్తి బండ్లు తూకం వేయించి, వయసు వచ్చినాక ఆపేసినాను. నంద్యాలలో మేడ మీద రెండు గదుల్లో ఉంటాం. నా వాటాకు వచ్చి, నా దగ్గర మిగిలింది నాయన సైకిల్ ఒక్కటే. ఆటోలో పొమ్మని మా ఇంటామె అంటుంది. తొమ్మిదిమంది మధ్య మోకాళ్ళు మడుచుకుని కూర్చోవడం నా వల్ల కాదు. పొద్దున్నే కట్ట మీదికి పోతే అక్కడ మాత్రం నన్ను ఎవరూ జరగమనరు.

నాలుగేళ్ళ కిందట ఒకరోజు, ఊరు దాటి మూడు మైళ్ళు పోయినాక నా చైను ఊడింది. నిండు కవరు కాబట్టి లోపల ఏం జరిగిందో కనపడదు. నిలబడి ఉన్నాను. వెనక నుంచి ఒకాయన వచ్చి ఆగినాడు.

"ఏందప్పా, చైను ఊడిందా?"

"ఊడింది."

ఆయన స్టాండు వేసి, ఒక కందిపుల్ల విరిచి, కవరు సందులోంచి దూర్చి, పెడల్ వెనక్కి తిప్పుతూ రెండు నిమిషాల్లో ఎక్కించినాడు. "ఈ కవరు తీసేయరాదా? దీంతో పెద్ద యాతన."

"మా నాయన సైకిల్ ఇది."

"తెల్సు. చూస్తానే గుర్తుపట్టినా."

అప్పుడు నేను ఆయన మొహం సరిగ్గా చూసినాను. జుట్టు నెరిసింది, కళ్ళద్దాలు వచ్చినాయి. చెంబు పట్టుకుని నిలబడ్డ మనిషే. ఆయన చేతులు మట్టితో రుద్దుకుని, నా వెనకచక్రం బొటనవేలితో నొక్కి చూసినాడు.

"గాలి తక్కువుంది. చూస్కో," అన్నాడు.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. మొహంలో ఎగతాళి ఏమైనా ఉందా అని వెతికినాను. ఏమీ లేదు. గాలి నిజంగానే తక్కువుంది.

ఆయన ఉద్యోగమంతా ఆత్మకూరు దిక్కున, అడవి అంచు బళ్ళలో చెంచు పిల్లలకు చదువు చెప్పి, చివర్లో డోన్‌లో చేసి రిటైరయినాడు. నంద్యాలలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. మరుసటి రోజు కూడా కట్ట మీద కలిసినాడు, ఆ మరుసటి రోజు కూడా. తర్వాత ఊరు దాటే చోట ఒకరి కోసం ఒకరు ఆగడం అలవాటయింది. నాకు వచ్చిన చిక్కల్లా ఆయన్ను ఏమని పిలవాలి అని. ఊరంతా సార్ అంటుంది, నాకు నోరు తిరగలేదు. పేరు పెట్టి పిలిచేదానికి మొహం చెల్లలేదు. చివరకు అప్పా దగ్గర నిలబడినాను. మా దిక్కున అప్పా అనేది చిన్నకూ పెద్దకూ ఇద్దరికీ సరిపోతుంది.

ఆయనకు ఆ చిక్కులేమీ లేవు. "ఊరేగింపు పోతాన్నట్టుందప్పా నీ తొక్కుడు. వెనకాల మేళమొకటే తక్కువ," అనేవాడు.

మొదటి నెల ఆయన ఆ చోట దిగలేదు. ఇద్దరం మాట్లాడుకుంటూ హద్దురాళ్ళు దాటిపోయేవాళ్ళం. ఆదివారాలు ఆయన చర్చికి పోతాడు, ఆ రోజు నేనొక్కణ్ణే. ఒక సోమవారం నా అరచేతులు గీరుకుపోయి ఉంటే ఏమైందని అడిగినాడు. మెట్ల మీద జారినానని చెప్పినాను. ఆ వారం నుంచే ఆయన అక్కడికి రాగానే దిగడం మొదలుపెట్టినాడు. ఒక్క మాట లేదు. పాత గోడ మొదలయ్యే చోట దిగి, చింతతోపు ఉన్నంత మేర నడిచి, మళ్ళీ ఎక్కేవాడు. ఆయన దిగితే నేనూ దిగి పక్కన నడిచేవాణ్ణి. ఇంటికొచ్చిన మనిషితో గడప దాకా నడిచినట్టు.

నన్ను బాగా ఎరిగినాక పాత మర్యాద గుర్తొచ్చిందని అనుకున్నాను. ఊరు మర్చిపోయింది, రాళ్ళు పోయినాయి, ఈ ఒక్క మనిషి మర్చిపోలేదని అనుకున్నాను. మా ఇంటామెకు కూడా చెప్పినాను. ఆమె చాట కింద పెట్టి, "ఆయప్పకు మీరేం చేసినారని దిగుతాడు?" అంది. ఏం చేసినానో ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆ ప్రశ్న లోపల ఉండిపోయింది. తర్వాత ఆయన దిగినప్పుడల్లా నాకు రిమ్ము చప్పుడు గుర్తొచ్చేది. నాకు గుర్తు చేసేదానికే దిగుతున్నాడేమో, రోజూ నా ముందర ఆ నడక నడిచి చూపిస్తున్నాడేమో అనిపించేది. మర్యాదో, దెప్పడమో తేలేది కాదు. ఏదయినా ఆపమని చెప్పాల్సింది నేనే. నోరు తెరిచేవాణ్ణి, నీళ్ళు ఈసారి తక్కువ వదిలినారనో, ఎవరి చేన్లోనో మినుము బాగుందనో చెప్పి మూసేవాణ్ణి.

ఏడాదికి ఒకసారి, కాలవకు నీళ్ళు వచ్చిన వారంలో, మేం ఆళ్ళగడ్డ దాకా పోతాం. నీళ్ళతోపాటు పోవడం అన్నమాట. దారిలో పాత లాకు గోడ మీద కూర్చుని బొరుగులతో చేసిన ఉగ్గాని తిని, ఆళ్ళగడ్డలో టీ తాగి, సైకిళ్ళు బస్సు మీద వేసుకుని తిరిగొస్తాం. ఈ ఏడు పోయేదానికి ముందు ఆయన చెప్పినాడు. కుడి మోకాలు అరిగిపోయిందంట, కర్నూలులో ఆపరేషన్‌కు రోజు ఇచ్చినారంట. ఆ తర్వాత సైకిల్ సంగతి డాక్టరు ఏమీ చెప్పలేదంట.

"ఏమీ చెప్పలేదంటే వద్దనే," అన్నాడు. "అడగలేదు నేను. అడిగితే కదా చెప్పేది."

అట్లా ఈ ఏడు నాకు గడువు వచ్చి పడింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పే పని ఉండదు.

తెల్లారేసరికి ఊరు దాటినాం. ఆషాఢం గాలి ఎదురు కొడుతోంది. కాలవ అంచుల దాకా ఎర్రనీళ్ళు. కొంగలు గట్టున వరసగా నిలబడి ఉన్నాయి. ఆయన నాకు కొంచెం ముందర, హ్యాండిల్ మీదికి బాగా వంగి, మోకాలి నొప్పికి ఒక కాలితోనే ఎక్కువ తొక్కుతూ పోతున్నాడు. హద్దురాళ్ళు కనిపించినాయి. ఆయన బ్రేకు పట్టినాడు.

దిగడం ఆ రోజు మామూలుగా జరగలేదు. కుడికాలు సీటు దాటించేదానికి మూడుసార్లు ప్రయత్నించినాడు. మూడోసారి సైకిల్‌తోపాటు పక్కకు ఒరిగి, సీటు పట్టుకుని ఆపుకున్నాడు. పళ్ళు బిగబట్టి ఊపిరి పీల్చిన చప్పుడు నాకు వినిపించింది. నేను కూడా దిగినాను.

"సార్," అన్నాను.

ఆయన తిరిగి నా మొహంలోకి చూసినాడు. "సార్ అంటాండావేందప్పా? జరమొచ్చిందా?"

"ఒక మాట చెప్పల్ల."

"నడుస్తా చెప్పు. నిలబడితే మోకాలు పట్టేస్తాది."

నడిచినాం. "ఆ పొద్దు నీ సైకిల్ గాలి తీసింది నేనే."

"తెల్సు. ఆడనే ఉండా కదా."

"వాల్‌ట్యూబులు కాలవలో ఏసింది నేనే."

"అదీ చూసినా. ఒకటి దూరంగా పడె, ఇంకోటి గట్టు మీదనే పడె. దాన్ని మళ్ళా కాలితో నీళ్ళలోకి తోసినావ్."

అది నాకు గుర్తు లేదు. ఆయన చెప్పినాక గుర్తొచ్చింది.

"తప్పు చేసినా," అన్నాను. మా ఇంట్లో ఎవరూ బయటి మనిషితో ఆ మాట అనగా నేను వినలేదు.

ఇంకో ఇరవై అడుగులు నడిచినాం. రెండు సైకిళ్ళూ కంకర మీద నడుస్తున్న చప్పుడు.

"ఆ పొద్దు యాడికి పోతాన్నానో తెల్సా?"

"కొలువులో చేరేదానికి."

"నంద్యాల్లో ఆత్మకూరు బస్సు పట్టల్ల. నేను పోయేసరికి బస్సు పాయె. ఆఫీసులో చేరింది మరుసటి దినం. నాతోపాటు ఆర్డరు వచ్చినోళ్ళంతా ముందురోజే చేరినారు. ఒక్క దినం తేడా. సీనియారిటీ లిస్టులో అందరి కింద నా పేరు. కొలువంతా అట్లే పాయె. వాళ్ళు హెడ్మాస్టర్లయినారు. నా వంతు వచ్చేలోపల రిటైర్మెంటే వచ్చె."

ఆయన గొంతులో కోపం లేదు. తరగతిలో పాఠం చెప్పినట్టు చెప్పినాడు. నేను రెండు రబ్బరు ముక్కలు పారేసినానని నలభై అయిదేళ్ళు అనుకున్నాను. అంత సంగతి ఉందని నాకు తెలియదు.

"మర్చిపోయినా అని చెప్పను," అన్నాడు. "మర్చిపోయేదానికి నేనేం పిచ్చోన్నా."

"వద్దు. చెప్పొద్దు." చింతతోపు ఉండిన చోటు దగ్గరికి వస్తున్నాం. రెండో మాట కూడా చెప్పేయాలి. "ఇంక ఈడ దిగొద్దప్పా. ఆ కాలితో. ఎవరుండారు ఈడ, దిగేదానికి? ఆ కాలం పాయె. మా ఇంటికి ఎవరూ దిగాల్సిన పని లేదు."

ఆయన ఆగిపోయినాడు. "మీ ఇంటికా?"

"మరి?"

"నేను మీ ఇంటికి దిగుతాన్నా అనుకున్నావా?"

నేను హద్దురాళ్ళ దిక్కు చూసినాను.

"నాలుగేండ్ల నుంచి?"

తల ఊపినాను. ఆయనకు నవ్వు వచ్చింది. ఆపుకోలేక హ్యాండిల్ మీద తల ఆనించి నవ్వినాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఓరి నీ పాసుగూల. ఉండు, చెప్తా. ఈడికొచ్చేసరికి నువ్వేం చేస్తావో నీకు తెల్సా? తొక్కేది మానుకోని ఆ రాళ్ళ దిక్కు చూస్తావు. సైకిలు దానంతటది కట్ట అంచుకు పోతాది. మొదటి నెలలోనే రెండుసార్లు అంచు దాకా పోయినావు. నేను పక్క నుంచి మాటల్లో పెట్టి లాక్కొస్తి. ఆ ఆదివారం నేను లేను. సోమవారం చూస్తే రెండు చేతులూ గీరుకోనుండె. మెట్ల మీద జారినా అంటివి. మీ మెట్ల మీద కంకరుంటాదా? అరచేతిలో కంకర ఇరుక్కోని ఉండె."

ఆ ఆదివారం నేను కట్ట కింద పడినాను. హద్దురాయికి జానెడు దూరంలో తల ఉండింది. ఎవరికీ చెప్పలేదు.

"చూసి తొక్కప్పా అని చెప్తే నీకు కోపం. నీతో ఎట్ల చెప్పేది? నేను దిగితే నువ్వూ దిగుతావు కదా అని దిగినా. నడిస్తే ఎంతసేపు చూసినా పడవు."

మిగిలిన దారి నడిచేసి ఎక్కినాం. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. తప్పు ఒప్పుకున్నప్పుడు రాని సిగ్గు అప్పుడు వచ్చింది, చెవుల దాకా. మా ఇంటికి మిగిలిన చివరి మర్యాద అనుకున్నది, చెయ్యి పట్టుకుని నడిపించడమని తేలింది. నడిపించింది కూడా, ఒకప్పుడు మేం గాలి తీసి నడిపించిన మనిషే. లాకు దగ్గరికి వచ్చేదాకా ఆయనకు కొంచెం వెనకనే తొక్కినాను.

లాకు గోడ మీద కూర్చున్నాం. కింద నీళ్ళు సన్నని సందులోంచి తోసుకుంటూ, గొంతు పెంచి పోతున్నాయి. ఆయన డబ్బా మూత తీసి ఉగ్గాని నా ముందర పెట్టినాడు. మిరపకాయ బజ్జీ రెండుగా తుంచి పెద్ద ముక్క నాకు ఇచ్చినాడు. నేను తాళ్ళ గాట్లలో వేలు పెట్టి కూర్చున్నాను.

"అంత జరిగినాక నాతో ఎందుకు తిరుగుతాండావప్పా?" అని అడిగినాను.

"నంద్యాల్లో ఈ వయసులో తెల్లారకముందే లేచి పది మైళ్ళు తొక్కేటోడు నువ్వొక్కడే ఉండావు. ఇంకోణ్ణి యాడ తెచ్చుకునేది?" బొరుగులు నములుతూ కొంచెం ఆలోచించినాడు. "మొదటిరోజు నీ వెనకచక్రం నొక్కి చూసినా కదా. పుల్ల పక్కన పారేసి, రెండు చక్రాలకూ గాలి తీసి పోదామని ఒక్క నిమిషం మనసుకు వచ్చె. నిజంగానే. అయితే చూస్తే ఒకదాంట్లో ముందే సగం లేదు. ఇంకేం తీసేది నీకు."

ఇద్దరం నవ్వినాం. ఉగ్గాని చల్లారిపోయి ఉండింది, అయినా బాగుండింది. ఆళ్ళగడ్డ చేరేసరికి ఎండ ఎక్కింది. రాళ్ళు చెక్కే చోట్ల నుంచి ఉలుల చప్పుడు వినిపిస్తుండగా బస్టాండు దగ్గర టీ తాగి, సైకిళ్ళు బస్సు మీదికి ఎక్కించినాం. ఆయన సైకిల్‌ను కింద నుంచి నేనే ఎత్తి అందించినాను.

కర్నూలు పోయేదానికి ముందు ఇంకో నాలుగు పొద్దులు ఉండినాయి. మరుసటి రోజు ఆయన వస్తాడో రాడో అనుకుంటూ ఊరు దాటే చోట నిలబడినాను. వచ్చినాడు. గాలి నిన్నటి కంటే ఎక్కువుంది. హద్దురాళ్ళు దూరంగా కనిపించగానే వెనక నుంచి ఆయన గొంతు.

"ఈ పొద్దు దిగను. మోకాలు ఒప్పుకోదు. నువ్వు ముందర పో. రోడ్డు చూసి తొక్కు."

నేను ముందరికి పోయినాను. పాత గోడ మొదలయ్యే చోటు వచ్చింది. ఆ పక్కన అరుగు ఉండేది, మెట్లు ఉండేవి, మా జేజి పసుపు పట్టుకుని నిలబడే చోటు ఉండేది. కంటి చివర తెల్లరాళ్ళు ఒకటొకటిగా వెనక్కి పోతున్నాయి. తల తిప్పలేదు. ముందర కట్ట తిన్నగా, ఎర్రగా, చివర ఒక బర్రె అడ్డంగా. నాయన చెప్పినట్టే సైకిల్ నేను చూస్తున్న దిక్కుకే పోయింది. వెనక ఆయన చక్రం చప్పుడు నా వెంటే వస్తోంది, ఎక్కడా తగ్గలేదు. మాటల్లో పడి పట్టించుకోని ఆ మొదటి నెల వదిలేస్తే, మా ఇంటి ముందర దిగకుండా పోయే సైకిల్‌ను నేను గమనించడం నా జన్మలో అది రెండోసారి. రెండోసారి కూడా ఆయనదే.

గాలి ఎదురొచ్చి నా చొక్కా ఉబ్బింది. సైకిల్ దాదాపు నిలబడిపోయేట్టుంది.

"నడుము వంచప్పా," అని ఆయన వెనక నుంచి అరిచినాడు. "తలుపు మాదిరి గాలికి అడ్డంగా కూర్చుంటే యాడ పోతాది సైకిలు? కొంచెం వంచు."

వంచినాను. కొంచెమే. గాలికి మాత్రమే.